గుర్రాల మాటల్లో ఒకటి ఎక్కువ

ఆ ఉదయం గుర్రాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లాలి, ఫోను చేయాలి, గుర్రాల డాక్టరమ్మను చివరి మాటకు అర్థం అడగాలి, ఇన్నాళ్లూ ఓపిగ్గా చెప్పినందుకు రెండు మంచి ముక్కలు చెప్పి ఫోను పెట్టేయాలి. చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆ రెండు ముక్కలూ అద్దం ముందు ఒకసారి పలికి చూసుకున్నాడు. మీ సహకారం మరువలేనిది అన్నాడు. అద్దంలో మనిషి పరామర్శకు వెళ్తున్నట్టు కనిపించాడు.

గుర్రాలాయన అన్నంత మాత్రాన అతనికి గుర్రాలున్నాయని కాదు. గుర్రం మీద చెయ్యి వేసి కూడా ఎరగడు. అతను నిఘంటువు ఆఫీసులో ఉపసంపాదకుడు. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలిచ్చే పెద్ద నిఘంటువు ఒకటి అక్కడ ఏళ్ల తరబడి తయారవుతూనే ఉంది. మాటల్ని రంగాలుగా విడగొట్టి తలా ఒకటి పంచుతారు. ఎవరికి ఏ రంగం వస్తే ఆ పేరే వాళ్లకు అంటుకుంటుంది. వంటింటి మాటలు చేసినన్నాళ్లూ ఇతను గరిటెలాయన. పక్క బల్ల దగ్గర వ్యాధుల మాటలు చేస్తున్న జబ్బులాయన, ఏ జబ్బుకు అర్థం రాస్తే ఆ జబ్బు తనకే వచ్చిందని సెలవు పెడుతుంటాడు.

ఆ ఆఫీసుకు ఒక పద్ధతి ఉంది. ఇంకో నిఘంటువు చూసి అర్థం ఎత్తిరాయడమంటే ప్రధాన సంపాదకుడికి ఒళ్లుమంట. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఏ మాటకైనా ఆ పనిలో చెయ్యి పెట్టిన మనిషి సాక్ష్యం ఉండాలంటాడు పెద్దాయన. వడ్రంగం మాటకు వడ్రంగి చెప్పాలి, ఓడ మాటకు ఓడ నడిపినవాడు చెప్పాలి. సాక్ష్యం ఇద్దరు వినాలి కనుక పెద్దాయన బల్ల మీదున్న ఫోను నుంచే, స్పీకరు పెట్టి మరీ అడగాలి. అదీ రోజుకు ఒక్క మాటే. సాక్షిని విసిగిస్తే నోటికొచ్చింది చెప్పి వదిలించుకుంటాడని ఆయన భయం.

గుర్రాల మాటలకు సాక్షిగా దొరికింది ఊరి చివర గుర్రపుశాలలో పనిచేసే డాక్టరమ్మ. మొదటిరోజు 'బే' అంటే ఏమిటని అడిగాడు. ఒళ్లు ఎర్రటి గోధుమరంగు, జూలూ తోకా నలుపు అయితే బే అని ఆవిడ చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, తమ దగ్గరున్న బే గుర్రం అద్దం చూస్తే కదలదని కూడా చెప్పింది. అతను నవ్వాడు. తను ఆఫీసులో నవ్వి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తు లేదు.

ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల వరసలో రోజుకొక మాట. 'ఫారియర్' అంటే గుర్రాలకు నాడాలు కొట్టేవాడట. మేకులు పళ్ల మధ్య పెట్టుకునే మాట్లాడతాడు కనుక అతను ఏం చెప్పినా అందరూ ఊ అనేస్తారట. గిట్టకు కాస్త పైన, వెనకవైపు వెంట్రుకల కుచ్చు ఉండే కీలు 'ఫెట్‌లాక్' అట. వీటికి ముందే సి దగ్గర ఇంకోటి వచ్చింది. కొట్టంలో ఒంటరిగా కట్టేసిన గుర్రం ఎదుటి చెక్కను పళ్లతో పట్టుకుని గాలి మింగుతుందట, దాన్ని 'క్రిబ్ బైటింగ్' అంటారట. ఆకలికి కాదండీ, తోచక, అంది డాక్టరమ్మ. ఆ రోజు సాయంత్రం అతను ఇంటికి వెళ్లి చాలాసేపు కిటికీ చెక్క పట్టుకుని నిలబడ్డాడు. పళ్లతో కాదు, చేత్తోనే.

అన్నిటికంటే అతన్ని దెబ్బతీసింది 'నికర్'. అది సకిలింపు కాదని డాక్టరమ్మ చెప్పింది. పెదాలు మూసుకునే గొంతులో మెల్లగా చేసే చప్పుడు. బాగా తెలిసిన మనిషి అడుగులు వినబడగానే గుర్రం చేస్తుంది. "అందరికీ చేయదండీ" అని ఫోను పెట్టేసింది. 'అందరికీ చేయదు' అన్న ముక్క కూడా అతను అర్థంలో రాశాడు. అనవసరమని పెద్దాయన కొట్టేశాడు.

ఇలా ఆవిడ ముఖమైనా చూడకుండానే అతనికి ఆవిడ సంగతులు చాలా తెలిశాయి. శాలంతా ఒక చుట్టు తిరిగొచ్చి, నిలబడే టీ తాగుతూ ఫోనెత్తుతుంది. ఇంట్లో ఆవిడతో మాట్లాడేది రేడియో ఒక్కటే. ఆవిడ నంబరు అతని సెల్‌ఫోనులో 'గుర్రాలు' అన్న పేరు మీద భద్రంగా ఉంది. ఒక్కసారీ నొక్కలేదు. అడగడానికి మాట లేకుండా ఫోను చేస్తే ఏం మాట్లాడాలో అతనికి తెలియదు. ఊళ్లోవాళ్ల మాటలన్నిటికీ అర్థాలు వెతికే మనిషి తన సొంతానికి ఒక్క మాట కూడబెట్టుకోలేకపోయాడు.

ఇంట్లో అతనికి ఉన్నది అక్క ఒక్కతే. బట్టలు కుడుతుంది. తమ్ముడి చొక్కాకి గుండీ తెగితే కుట్టగలదు గాని నోరు కుట్టేసుకున్న తమ్ముణ్ని ఏం చేయాలో ఆమెకు పాలుపోలేదు. ఆ ఉదయం టీ ఇస్తూ అడిగింది.

"రోజూ మాట్లాడతావు కదా, ఆవిడకి పెళ్లయిందా?"

"అది గుర్రాల మాట కాదు కదక్కా."

అక్క అతని వంక చూసి, కత్తెర తీసుకుని పనిలోకి వెళ్లిపోయింది.

ఆఫీసుకు వెళ్లి అడిగిన చివరి మాట 'యర్లింగ్'. ఏడాది నిండి రెండో ఏడు నిండని గుర్రప్పిల్ల అని డాక్టరమ్మ ఒక్క ముక్కలో చెప్పేసింది. ఇంగ్లీషు అక్షరాల్లో వై దగ్గరికి వచ్చేశామని ఆవిడకూ తెలుసు. ఇంకేమీ లేవా అని అడిగింది. పెద్దాయన ఎదురుగా కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటున్నాడు. స్పీకరులోంచి ఎక్కడో గుర్రం కాలు నేలకేసి కొట్టిన చప్పుడు వినిపించింది. మీ సహకారం మరువలేనిది అనడానికి అతను నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి వచ్చింది వేరు.

"ఒకటి మిగిలిపోయిందండీ. మెల్విక్."

అలాంటి మాట లోకంలో లేదు. అతను పుస్తకాల్లో చూడలేదు, ఎవరి నోటా వినలేదు. ఫోను పెట్టేయాల్సి వచ్చిన మనిషి గొంతులో ఎలా పుట్టిందో అలా పుట్టింది.  వై దాటాక మళ్లీ ఎమ్ దగ్గరికి వచ్చారేమిటని డాక్టరమ్మ అడిగింది. మధ్యలో ఒకటి జారిపోయిందని అతను నసిగాడు. చూసి చెబుతాను, రేపు చేయండి అని ఆవిడ పెట్టేసింది. రేపు అన్న మాట అతనికి ఆ రోజంతా సరిపోయింది. పొరపాటున అడిగానని రేపు చెప్పేస్తే సరి, అనుకున్నాడు. ఈలోగా ఇంకో ఫోను దక్కింది కదా.

మర్నాడు అతను పొరపాటు సంగతి ఎత్తేలోపే డాక్టరమ్మ మొదలుపెట్టింది. ముందే కూడబలుక్కున్నట్టు నెమ్మదిగా చెప్పింది.

"పక్క కొట్టంలో గుర్రాన్ని ఎక్కడికో తీసుకెళ్లిపోతారు చూడండి. అప్పుడు ఈ గుర్రం ఆ వైపు తిరిగి నిలబడిపోతుంది. మేత వేసినా ముట్టదు, పిలిచినా తిరగదు. వెళ్లిన దారే చూస్తూ ఉంటుంది. ఆ నిలబడటాన్ని మెల్విక్ అంటారు."

అతను అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాడు. లేని మాటకు ఇంత చక్కని అర్థం ఎలా వచ్చింది? ఒకవేళ నిజంగానే ఉన్న మాటను తాను గాలిలో పట్టుకున్నాడా? అలా అనుకోవడం అతనికి హాయిగానే ఉంది గాని, పెద్దాయన దాన్ని ఎక్కువసేపు ఉండనివ్వలేదు. బీరువాలోని లావుపాటి నిఘంటువులన్నీ దింపించి, ఎత్తిరాయడానికి కాదు, సరిపోల్చడానికి అని అందరికీ చెప్పి మరీ, పుటలు తిరగేశాడు. మెల్విక్ ఎందులోనూ లేదు.

 పెద్దాయన ముఖం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది. ఇన్నాళ్లూ ఇంగ్లీషువాళ్ల మాటలు మనం మోశాం, ఇక మనం పట్టిన మాట వాళ్లు మోస్తారు అన్నాడు. సాక్షి డాక్టరు. సాక్ష్యం విన్నవాడు స్వయానా తాను. ఇంకేం కావాలి?

గుర్రాలాయనకు మాత్రం వచ్చిన చిక్కు చిన్నది కాదు. మాట తన సొంత తయారీ అని ఒప్పుకుంటే తన ఉద్యోగం సంగతి సరే, డాక్టరమ్మ సంగతేమిటి? తెలియదని చెప్పడానికి మొహమాటపడి ఏదో కల్పించి ఉంటుంది, పాపం. తాను నిజం చెబితే ఆవిడ దొంగసాక్షి అవుతుంది. ఆవిడ పరువు కాపాడాలంటే తాను నోరు మూసుకోవాలి. నోరు మూసుకోవడం అతనికి కొత్త పని కాదు గనుక అదే చేశాడు.

కాని మాటకు నోరు మూసేవాడు లేడు. జబ్బులాయన బావమరిది పత్రికాఫీసులో పనిచేస్తాడు. ఆదివారం సంచికలో 'మన నిఘంటువు పట్టుకున్న అపురూపమైన మాట' అని పెద్ద వ్యాసం వచ్చింది. వారం తిరక్కుండా ఊళ్లో అందరూ మెల్విక్ అయిపోయారు. కూతుర్ని హాస్టల్లో దింపి వచ్చిన తండ్రి మెల్విక్, మూతపడిన సినిమాహాలు ముందు నిలబడిన టికెట్లాయన మెల్విక్. ఫర్నిచరు దుకాణంవాడు ఒంటరి మనుషుల కోసం చేసిన ఇరుకు మంచానికి ఆ పేరే పెట్టాడు. ఒకప్పుడు రేసులకు గుర్రాలు తోలిన పెద్దమనిషి ఒకాయన ఆఫీసుకు వచ్చి, తన చిన్నతనంలో మెల్విక్‌ను కళ్లారా చూశానని, మగగుర్రాలకు అది ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుందని చెప్పి వెళ్లాడు. కాదనడానికి గుర్రాలాయనకు ఏ అధికారమూ లేదు, ఆ మాటను కనడం తప్ప.

ఇంట్లో కూడా తప్పలేదు. తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి ఉంటే, మెల్విక్ అయ్యింది చాలు, వచ్చి భోంచెయ్యరా అని అక్క పిలిచేది.

ఇవన్నీ అతను ఎలాగో ఓర్చుకునేవాడే. ఓర్చుకోలేనిది ఒక్కటి జరిగింది. మెల్విక్ ఇంత పేరు తెచ్చుకునేసరికి, అంత ముఖ్యమైన సాక్షితో ఇక తానే మాట్లాడతానని పెద్దాయన ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. ఏ ఫోను కోసం అంత అబద్ధం పుట్టించాడో ఆ ఫోనే పోయింది. రోజూ అదే వేళకు స్పీకరులో ఆవిడ గొంతు వినబడుతుంది. పెద్దాయన మెల్విక్ గురించి ఏదో ఒకటి అడుగుతాడు, ఆవిడ జవాబు చెబుతుంది. గుర్రాలాయన గది ఆ చివర తన బల్ల దగ్గర కూర్చుని, రాస్తున్నట్టు వంగి వింటుంటాడు. అద్దం చూసే గుర్రం కబుర్లూ లేవు, మేకుల కబుర్లూ లేవు. అడిగినంతే చెబుతోంది. చివర్లో మాత్రం ప్రతిసారీ ఒకటే అడుగుతుంది.

"ఆయన రాలేదా ఇవాళ?"

"వచ్చాడమ్మా. పనిలో ఉన్నాడు" అంటాడు పెద్దాయన.

అప్పుడు స్పీకరులో కాసేపు చప్పుడేమీ ఉండదు. ఆ చప్పుడు లేనితనం కోసమే గుర్రాలాయన పొద్దుటి నుంచి ఎదురుచూస్తాడు. అది అయిపోయాక రోజు ఎలా గడపాలో అతనికి తోచదు. ఒకసారి లేచి ఫోను దాకా నడిచాడు కూడా. పెద్దాయన తలెత్తి ఏమయ్యా అంటే, పెన్సిల్ అడిగి తీసుకుని వెనక్కి వచ్చేశాడు.

చివరికి నిఘంటువుకు డబ్బిచ్చే కమిటీవాళ్లు, పేపర్లో చదివిన వింతను కళ్లతో చూడాలన్నారు. పెద్దాయన ఎగిరి గంతేశాడు. చూసి నమ్మడమే కదా తన సిద్ధాంతం. గుర్రపుశాలలోనే ప్రదర్శన ఏర్పాటైంది. పక్కపక్క కొట్టాల్లో గుర్రాలు రెండుంటాయి, ఒకదాన్ని డాక్టరమ్మ బయటికి తీసుకెళ్తుంది, రెండోది మెల్విక్ అవుతుంది, కమిటీ చూస్తుంది. ఆవిడ దీనికి ఒప్పుకుందా అని గుర్రాలాయన నీరసంగా అడిగాడు. ఒప్పుకుంది, కాకపోతే ఒక షరతు పెట్టింది, నిన్ను కూడా తీసుకురమ్మంది, అన్నాడు పెద్దాయన.

ఆ ఉదయం అక్క మంచి చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. అతను మాత్రం ఉరికంబానికి వెళ్తున్నట్టు బయల్దేరాడు. దారిలో కారులోనే పెద్దాయనకు అంతా చెప్పేద్దామనుకున్నాడు. పెద్దాయన దారి పొడవునా ఉపన్యాసం వల్లె వేసుకుంటూనే ఉన్నాడు. అందులో 'సత్యం' అన్న మాట వచ్చినప్పుడల్లా గుర్రాలాయన కారు కిటికీలోంచి బయటికి చూశాడు.

గుర్రపుశాల వాకిట్లో డాక్టరమ్మ నిలబడి ఉంది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మోచేతుల పైకి మడిచిన చొక్కా, జుట్టులో ఒక గడ్డిపోచ. అతను ఊహించుకున్న మనిషి ఇంకెవరో. కాని ఆవిడ నోరు విప్పగానే ఆ ఊహలోని మనిషి ఎటో పోయింది, ఈవిడే ఎప్పటి నుంచో తెలిసిన మనిషి అయిపోయింది.

"మీ గొంతు విని ఇంకాస్త లావుగా ఉంటారనుకున్నాను" అంది.

అతను చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఆ మాట సంగతి మీకొకటి చెప్పాలి అన్నాడు. నేనూ చెప్పాలి, అయ్యాక చెప్పుకుందాం అని ఆవిడ అతని చేతిలో టీ గ్లాసు పెట్టి లోపలికి వెళ్లింది.

ఒక కొట్టంలో వయసు మళ్లిన ఆడగుర్రం. పక్క దానిలో నలుపూ తెలుపూ మచ్చల పైబాల్డ్ గుర్రం. రెండూ ఏళ్లుగా ఇరుగుపొరుగు. కమిటీవాళ్లు, జబ్బులాయన, రేసుల పెద్దమనిషి వరసగా నిలబడ్డారు. పెద్దాయన ఉపన్యాసం ముగించి చెయ్యి ఊపాడు. డాక్టరమ్మ మచ్చల గుర్రానికి తాడు తగిలించి, దాన్ని నడిపించుకుంటూ చెట్ల మధ్య బాట వెంట వెళ్లిపోయింది.

అందరూ ఊపిరి బిగబట్టి ఆడగుర్రాన్ని చూశారు. అది ఒక్కసారి తలెత్తింది. పెద్దాయన అదిగో అని గుసగుసలాడాడు. అది తల దించి గడ్డి నమలడం మొదలుపెట్టింది. కాసేపు చూశారు. ఇంకాస్త గడ్డి నమిలింది. పిలిస్తే తిరగదని రాసుంది కదా అని కమిటీ పెద్ద చప్పట్లు కొట్టాడు. అది వెంటనే తిరిగి, ఆయన జేబులో ఏమైనా ఉందేమోనని మూతి పెట్టి వెతికింది. ఆ తర్వాత తోక పైకెత్తి తన అభిప్రాయం నేల మీద పడేసింది. మొదలవడానికి ముందు అలాగే చేస్తాయని రేసుల పెద్దమనిషి అందరికీ ధైర్యం చెప్పాడు.

అప్పుడు జబ్బులాయన పెద్దాయన మోచెయ్యి తట్టాడు.

"గుర్రం కాదు సార్. అటు చూడండి."

గుర్రాలాయన అందరికీ వీపు పెట్టి, డాక్టరమ్మ వెళ్లిన బాట వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. చేతిలో టీ మీద మీగడ కట్టింది. పెద్దాయన పేరు పెట్టి పిలిచాడు, తిరగలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాడు. అప్పుడూ తిరగలేదు. కమిటీ పెద్ద కాగితంలో అర్థం మరొకసారి చదువుకుని, అతని వంక చూసి, సరిగ్గానే ఉందన్నట్టు తలూపాడు.

డాక్టరమ్మ గుర్రంతో తిరిగొచ్చేసరికి అందరూ మాటలు మానేసి అతన్నే చూస్తున్నారు. ఆవిడ ఆగిపోయింది. అప్పుడు గాని అతను వెనక్కి తిరగలేదు. అన్ని ముఖాలూ చూశాక ఇక దాచడానికి ఏమీ మిగల్లేదని అతనికి అర్థమైంది.

"ఆ మాట లేదు సార్. నేనే పుట్టించాను. మాటలు అయిపోయాయి. ఫోను పెట్టేయబుద్ధి కాలేదు."

 పెద్దాయన డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"మరి మీరు అర్థం చెప్పారు కదమ్మా?"

ఆవిడ తాడు చేతికి చుట్టుకుంటూ నేల చూసింది.

"వై తర్వాత ఎమ్ అన్నప్పుడే తెలిసిపోయింది సార్, అలాంటి మాట లేదని. లేదని చెప్తే రేపు ఫోను రాదు. అందుకని ఏదో ఒక అర్థం చెప్పాలి కదా." మళ్లీ తనే అంది. "కల్పించింది కూడా కాదు. ఒకరోజు మీ ఆఫీసుకి సెలవని తెలీక, టీ గ్లాసు పట్టుకుని ఫోను దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. ఆ సంగతే గుర్రానికి పెట్టి చెప్పాను."

గుర్రాలాయన పక్కనున్న కొట్టం చెక్క పట్టుకున్నాడు. ఆవిడను తాను కాపాడుతున్నాననుకున్నన్నాళ్లూ ఆవిడే తనను కాపాడింది. లేని మాటను మధ్యన పెట్టుకుని ఇద్దరూ ఒకే చోట నిలబడ్డారు, గోడకు అటూ ఇటూ. అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వాటికి అతని దగ్గర ఏ మాటా లేదు, ఇప్పుడు అవసరమూ కనబడలేదు.

"అంటే గుర్రాలు అలా నిలబడవా?" అన్నాడు కమిటీ పెద్ద, దారి ఖర్చులు గుర్తొచ్చినట్టు.

"నేను చూడలేదండీ. మేత వేస్తే తింటాయి" అంది డాక్టరమ్మ.

తాను మాత్రం చిన్నప్పుడు చూశానని రేసుల పెద్దమనిషి పట్టుబట్టాడు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. డాక్టరమ్మ గుర్రాలాయన చేతిలోంచి చల్లారిన గ్లాసు తీసుకుని, వేడిది ఇస్తాను రండి అంది. ఇద్దరూ లోపలికి నడిచారు. ఏదైనా గుర్రాల మాట అడుగుతాడేమోనని ఆవిడ దారంతా ఎదురుచూసింది. అతను అడగలేదు. మీకు పంచదార ఎక్కువ వేసుకోవడం ఇష్టమా అని అడిగాడు.

పెద్దాయన చాలాసేపు అక్కడే నిలబడి, అర్థం బాగుంది, మాటే లేదు అని గొణుక్కుంటూ జేబులోంచి పెన్సిల్ తీసి మెల్విక్‌ను కొట్టేశాడు. ఆ తర్వాత, ఉపసంపాదకుడికి బంధువు కాబోయే మనిషి సాక్ష్యం చెల్లదని తేల్చి, గుర్రాల మాటలన్నీ ఇంకో డాక్టరు దగ్గర మొదటి నుంచీ సరిచూడమన్నాడు. ఆ డాక్టరు మాత్రం రోజుకొకటి తన వల్ల కాదని, అడగాల్సినవన్నీ ఒకేసారి అడిగేసి ఫోను పెట్టేయమన్నాడు.